450 ఓంల వెతుకులాట: కూలెంట్ సెన్సర్ పరీక్షల డైరీ

మొదటి రోజు, శనివారం

డాష్‌బోర్డు మీద నీలం దీపం ఆరడం లేదు. ఈ డైరీ మొదలుపెట్టడానికి కారణం అదే.

మా కారులో ఇంజిన్ వేడిని చూపే ముల్లు లేదు. ఇంజిన్ చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరి వేడెక్కితే ఎర్ర దీపం, అంతే. ఇదివరకు డిసెంబరు చలిలో కూడా ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు వెళ్లేసరికి నీలం ఆరిపోయేది. ఈ ఏడాది ఏడెనిమిది కిలోమీటర్లు పోయినా వెలుగుతూనే ఉంది. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే బండి 12కు పడిపోయింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నిమిషానికి 750 చుట్లు తిరగాల్సిన ఇంజిన్ 1000 దాటి తిరుగుతోంది. వెనక పొగగొట్టం దగ్గర నిలబడితే పచ్చి పెట్రోలు వాసన వస్తోంది.

మెకానిక్ విన్న వెంటనే, "థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది సార్, మార్చేద్దాం" అన్నారు. ఆయన మాటలో తర్కం ఉంది. ఇంజిన్‌లోని నీరు 82 డిగ్రీలో 88 డిగ్రీలో దాటేదాకా దాన్ని రేడియేటర్ వైపు పోనివ్వకుండా ఆపే తలుపు థర్మోస్టాట్. అది మూసుకోకపోతే ఇంజిన్ ఎంత తిరిగినా సరిగ్గా వేడెక్కదు. లక్షణాలన్నీ దానికి సరిపోతున్నాయి. అయినా ఒక్క అంకె కూడా చూడకుండా భాగం మార్చడానికి నాకు మనసొప్పలేదు. రెండు రోజులు ఆగమని చెప్పి బండి తెచ్చుకున్నాను.

స్టీరింగ్ కింద ఉండే, కారు కంప్యూటర్‌లోని అంకెలను అందించే ఓబీడీ సాకెట్‌లో ఈఎల్ఎం 327 రకం బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోనులో చూశాను. మొదటి పరీక్షకు పనిముట్లే అక్కర్లేదు. రాత్రంతా కదలకుండా ఉన్న బండిలో, తెల్లవారి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు తాళం మాత్రం తిప్పి, రెండు అంకెలు పక్కపక్కన చూడాలి: కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత, లోపలికి పీల్చే గాలి ఉష్ణోగ్రత. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌లో ఆ రెండూ దాదాపు ఒకటే ఉండాలి. మా సెల్లార్‌లో గాలి 21 చూపింది, కూలెంట్ 17 చూపింది. నాలుగు డిగ్రీల తేడా. ఇనుప దిమ్మ కాబట్టి కాస్త ఎక్కువ చల్లబడి ఉంటుందిలే అని అప్పటికి వదిలేశాను. ఆ నాలుగు డిగ్రీలే అసలు ఆధారమని తర్వాత అర్థమైంది.

అరగంట తిరిగి వచ్చాక ఫోనులో కూలెంట్ 55. ఎంతసేపు చూసినా 54, 55, 56 మధ్యే. మెకానిక్ చెప్పింది నిజమే అనిపించింది. కానీ రేడియేటర్‌లోకి వెళ్లే పై గొట్టం మీద చెయ్యి పెడితే క్షణం కూడా నిలవలేదు. 55 డిగ్రీల వస్తువును రెండు మూడు సెకన్లయినా పట్టుకోగలం. ఇది అంతకంటే చాలా వేడిగా ఉంది.

దూరం నుంచి వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తీసి థర్మోస్టాట్ ఉండే అల్యూమినియం గూటి మీదకు గురిపెట్టాను. 58 చూపింది. ఒక్క క్షణం నమ్మేశాను. అయితే మెరిసే లోహం తన వేడిని ఉన్నంతగా వెలువరించదు. అలాంటి చోట ఈ థర్మామీటరు తక్కువ చూపుతుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అదే చోట అతికించి, రెండు నిమిషాలాగి మళ్లీ చూశాను. 86. పక్కనే నల్ల రబ్బరు గొట్టం 84.

అంటే ఇంజిన్ వేడిగానే ఉంది, థర్మోస్టాట్ తన పని తాను చేస్తోంది. చల్లగా ఉందని అనుకుంటున్నది ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ ఒక్కటే. కూలెంట్‌లో మునిగి ఉండే సెన్సర్ నుంచి వచ్చే అంకెనే అది నమ్ముతుంది. చలిలో ఉన్న ఇంజిన్‌కు ఇవ్వాల్సిన అదనపు పెట్రోలును, అదనపు వేగాన్ని అది ఎండలోనూ ఇస్తూనే ఉంది.

ఇంకొక పరీక్ష చేశాను. ఏసీ ఆపి, బండి నిలిపి, టేపు మీద వేడి చూస్తూ కూర్చున్నాను. 92, 95, 98, 101. ఫోనులో మాత్రం 58. రేడియేటర్ ఫ్యాను తిరగలేదు. తిరగదు కూడా, ఎందుకంటే ఫ్యానుకు ఆజ్ఞ ఇచ్చేది ఈసీయూ, దాని లెక్కలో ఇంకా వేడెక్కలేదు. వెంటనే ఏసీ వేశాను. ఏసీతో పాటు ఫ్యాను తిరుగుతుంది కాబట్టి వేడి దిగింది. మూడు నెలలుగా ట్రాఫిక్‌లో ఈ ఇంజిన్‌ను కాపాడింది మా ఇంట్లో అందరికీ ఉన్న ఏసీ అలవాటు. పైగా ఎర్ర దీపాన్ని వెలిగించేదీ అదే సెన్సర్ అంకె. ఇంజిన్ మాడిపోయినా ఆ దీపం వెలిగేది కాదు. ఇది తెలిశాక పని పూర్తయ్యేదాకా కారును పక్కన పెట్టేశాను.

రెండో రోజు, ఆదివారం

ఈ రోజు సెన్సర్‌ను ఊడదీసి వంటింట్లో పరీక్షించాం.

ముందు ఆ సెన్సర్ లోపల ఏముందో చెప్పాలి. ఇత్తడి గొట్టం చివర పెసరగింజంత పింగాణీ పూస ఉంటుంది. మాంగనీస్, నికెల్, కోబాల్ట్ వంటి లోహాల ఆక్సైడ్లను కలిపి కాల్చి చేసినది. దాన్ని థర్మిస్టర్ అంటారు. రాగి తీగ వేడెక్కితే దాని నిరోధం, అంటే విద్యుత్తుకు అది పెట్టే అడ్డు, పెరుగుతుంది, ఈ పూసది తగ్గుతుంది. వేడి పెరిగేకొద్దీ విద్యుత్తును మోసే కణాలు ఇందులో ఎక్కువగా విడుదలవుతాయి. ఈ తిరగబడిన స్వభావాన్ని మైకేల్ ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడ్‌లో గమనించి రాసిపెట్టాడు. తగ్గడం కూడా ఒకే తీరుగా ఉండదు. చల్లని వైపు కొండచరియలా నిటారుగా పడుతుంది, వేడి వైపుకు వచ్చేసరికి చదునవుతుంది.

నిరోధాన్ని ఓంలలో లెక్కిస్తారు. ఈసీయూకు ఓంలు కొలవడం రాదు, వోల్టులే కొలవగలదు. అందుకని తనలోని ఒక స్థిరమైన రెసిస్టర్ గుండా 5 వోల్టులను సెన్సర్‌కు పంపుతుంది. ఆ 5 వోల్టులను లోపలి రెసిస్టర్, బయటి సెన్సర్ తమ తమ నిరోధాల నిష్పత్తిలో పంచుకుంటాయి. సెన్సర్ చల్లగా ఉంటే దాని వాటా ఎక్కువ, వేడెక్కితే తక్కువ. ఆ వాటాను చూసి ఈసీయూ తన పట్టికలోంచి డిగ్రీలు తీస్తుంది. సెన్సర్‌కు రెండు తీగలు: ఒకటి సిగ్నల్, రెండోది తిరుగు తీగ. ఆ తిరుగు తీగ బాడీకి తగలదు, ఈసీయూకే వెనక్కి వెళుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఊడదీయడానికి ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయడమంటే ఒత్తిడిలో ఉన్న మరిగే నీటిని మొహం మీదకు తెచ్చుకోవడమే. మూత ముందే తీసి, 19 సైజు సాకెట్‌తో సెన్సర్ వదులు చేసి, తీసిన మరుక్షణం బొటనవేలితో రంధ్రం మూశాను. అయినా ఒక గ్లాసు కూలెంట్ పోయింది. దాన్ని డబ్బాలో పట్టాను. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా రుచికి తియ్యగా ఉంటుంది. సెల్లార్‌లో కుక్కపిల్లలు తిరుగుతుంటాయి కాబట్టి నేల మీద పడిన చుక్కల్ని కూడా నీళ్లు పోసి తుడిచాను. పరీక్షకు వాడిన గిన్నె కూడా ఇక వంటకు పనికిరాదు. పాత సత్తు గిన్నె ఇచ్చి "ఇక దీన్ని నా వంటింట్లోకి తేవద్దు" అంది అమ్మ.

మా పాప పదో తరగతి. కాగితం, పెన్సిలు తీసుకుని తను కూర్చుంది. నేను మల్టీమీటరు తీగల్ని సెన్సర్ పిన్నులకు మొసలి క్లిప్పులతో బిగించి, సెన్సర్ కొన మాత్రమే నీళ్లలో మునిగేలా ఒక చెక్కపుల్లకు దారంతో కట్టి వేలాడదీశాను. గిన్నె అడుగుకు తగిలితే మంట వేడి నేరుగా తాకి లెక్క తప్పుతుంది. పిన్నుల దాకా మునిగితే నీళ్లు కూడా విద్యుత్తును మోస్తాయి. థర్మామీటరు కొనను సెన్సర్ కొనకు ఆనించి ఉంచాను.

మొదట గిన్నె నిండా చితక్కొట్టిన మంచుముక్కలు, కాసిని నీళ్లు. కలిపి కలిపి మూడు నిమిషాలు ఆగితే మీటరు 5.84 కిలో ఓంల దగ్గర నిలిచింది. ఆ తర్వాత మామూలు నీళ్లు, పొయ్యి వెలిగింపు. మంట సన్నగా పెట్టి, ప్రతి అంకె దగ్గర పొయ్యి కట్టేసి, గరిటెతో కలిపి, నిమిషం ఆగి అప్పుడే రాసుకున్నాం. 20 డిగ్రీల దగ్గర 2.51 కిలో ఓంలు. 40 దగ్గర 1.17 కిలో. 60 దగ్గర 602 ఓంలు. 80 దగ్గర 326. వేడెక్కేటప్పుడు తీసిన అంకెలకూ చల్లారేటప్పుడు తీసిన అంకెలకూ కొద్దిగా తేడా వచ్చింది. థర్మామీటరు, ఇత్తడి సెన్సర్ ఒకే వేగంతో వేడెక్కవు కదా. రెండు సార్లూ తీసి సగటు వేశాం.

"నాన్నా, నీళ్లు తెర్లుతున్నాయి, కానీ 98 దాటడం లేదు. థర్మామీటరు తప్పా?" అంది పాప.

తప్పు కాదు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు 98 దాటాక ఉడికి ఆవిరైపోతాయి తప్ప 100 దాకా పోవు. విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున కూర్చుని చేస్తే 100 చూసేవాళ్లం. మరిగే నీళ్లను 100 డిగ్రీల గుర్తుగా వాడేవాళ్లు తమ ఊరి ఎత్తు చూసుకోవాలి. మాకు 98 దగ్గర 196 ఓంలు వచ్చింది.

20 డిగ్రీల దగ్గర సుమారు 2.5 కిలో ఓంలు, 80 దగ్గర 320 ఓంల పైచిలుకు అన్నది ఎన్నో కార్లలో కనిపించే థర్మిస్టర్ రకం. మాది దానితో అక్షరాలా సరిపోయింది. సెన్సర్ నిక్షేపంగా ఉంది.

పాప గ్రాఫు కాగితం మీద ఓంలను గీస్తే, వేడి వైపు గీత నేలకు అతుక్కుపోయి ఏమీ చదవడానికి వీల్లేకుండా వచ్చింది. ఓంలకు బదులు వాటి లాగరిథం పెట్టి గీయమన్నాను. దాదాపు తిన్నని గీత వచ్చింది. ఇక ఏ ఓంలకు ఏ డిగ్రీయో ఆ గీత మీద వేలు పెట్టి చెప్పవచ్చు. తర్వాతి పనంతా ఆ కాగితం మీదే నడిచింది.

మూడో రోజు, సోమవారం సాయంత్రం

సెన్సర్ మంచిదైతే తప్పుడు అంకె ఎక్కడ పుడుతోంది? మిగిలినవి తీగలు, కనెక్టర్, ఈసీయూ.

సెన్సర్ తిరిగి బిగించి, దాని కనెక్టర్ ఊడదీసి, తాళం తిప్పాను. ఫోనులో -40. ఇది సరైన జవాబే. తీగ తెగితే నిరోధం అనంతం, వోల్టులన్నీ ఈసీయూకే కనబడతాయి, అది తన పట్టికలో అట్టడుగు చలిని చూపుతుంది. ఇంజిన్ చెక్ దీపం వెలిగి పి 0118 అనే లోపం కోడ్ నమోదైంది. రేడియేటర్ ఫ్యాను గిర్రున తిరగడం మొదలుపెట్టింది. సెన్సర్ కనబడకపోతే ప్రమాదం రాకుండా ఫ్యాను వేసెయ్యడం చాలా కార్లలో ఈసీయూ తీసుకునే జాగ్రత్త. చెప్పాపెట్టకుండా తిరుగుతుంది కాబట్టి చేతులు, చున్నీలు దూరంగా ఉంచాలి. దీనితో ఫ్యాను, దానికి కరెంటు ఇచ్చే స్విచ్చు (రిలే) కూడా బాగున్నాయని తేలింది. కనెక్టర్ లోపలి రెండు కొసల మధ్య మీటరు పెడితే 4.98 వోల్టులు. అదీ సరైనదే.

ఇక్కడితో ఆపితే తీగలు బాగున్నాయనే అనుకునేవాణ్ణి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వోల్టుమీటరు దాదాపు కరెంటు తీసుకోదు. కరెంటు పారనప్పుడు తీగలో ఎంత అడ్డు ఉన్నా వోల్టులు పూర్తిగానే కనబడతాయి. సన్నగిల్లిన గొట్టంలో నీళ్లు కదలకుండా నిలబడి ఉంటే రెండు కొసల్లోనూ మట్టం ఒకటే ఉంటుంది. పారనిస్తేనే అడ్డు బయటపడుతుంది.

అందుకని ఇప్పుడు రెండో అంచు, అంటే సున్నా ఓంల పరీక్ష. చిన్న తీగ ముక్కతో కనెక్టర్‌లోని రెండు కొసలను కలిపాను. ఇది ఈసీయూకు హాని కాదు, లోపలి రెసిస్టర్ కరెంటును రెండు మిల్లీ ఆంపియర్లకు అటూఇటూగా కట్టడి చేస్తుంది. బ్యాటరీ నుంచి 12 వోల్టులు మాత్రం ఇటువైపు పొరపాటున కూడా తేకూడదు. నిరోధం సున్నా అయితే ఈసీయూ తన పట్టికలో పైకొసన ఉన్న అంకె, 130కి పైనే, చూపించాలి. పి 0117 కోడ్ రావాలి.

ఫోనులో 69.

తీగ ముక్క సరిగా తగల్లేదేమోనని తీసి మళ్లీ పెట్టాను. 69. తీగ మార్చాను. 69. పాప గ్రాఫు మీద 69 డిగ్రీలకు ఎదురుగా ఉన్నది 450 ఓంలు. నేను సున్నా ఓంలు ఇస్తే ఈసీయూకు 450 కనబడుతున్నాయి.

కోడ్ ఎందుకు రాలేదో కూడా అప్పుడే అర్థమైంది. ఈసీయూ 5 వోల్టుల దగ్గరగానో సున్నా దగ్గరగానో ఉంటేనే సెన్సర్ చెడిందని తేలుస్తుంది. మధ్యలో ఉన్న ఏ అంకెనైనా అది నిజమని నమ్ముతుంది.

బుధవారం

ఆఫీసు నుంచి వస్తూ కోఠి గుజరాతీ గల్లీలో దిగి, చెప్పిన ఓంలకు ఒక శాతం తేడా లోపే ఉండే మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు కొన్నాను: 330 ఓంలు, 1 కిలో, 2.2 కిలో. మూడూ కలిపి టీ ఖర్చు కూడా కాలేదు. ఇంజిన్ వేడెక్కించనక్కర్లేకుండా, ఈసీయూకు నాకు కావలసిన ఉష్ణోగ్రతను చూపించే పనిముట్లు ఇవి.

ఇంటికి రాగానే ఒక్కొక్కటీ సెన్సర్ స్థానంలో కనెక్టర్‌లో పెట్టి చూశాను. 330 ఓంలు పెడితే 79 రావాలి, 52 వచ్చింది. 1 కిలో పెడితే 45 రావాలి, 34 వచ్చింది. 2.2 కిలో పెడితే 23 రావాలి, 19 వచ్చింది. డిగ్రీల్లో చూస్తే 27, 11, 4, ఒకదానితో ఒకటి పొంతన లేని తప్పులు. వచ్చిన డిగ్రీలను గ్రాఫు మీద మళ్లీ ఓంలలోకి మార్చి, నేను పెట్టిన ఓంలు తీసేస్తే మూడు సార్లూ మిగిలింది 450కి అటూఇటూ.

ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఇదే. తప్పు ఒకటే, 450 ఓంలు. సెన్సర్ చల్లగా 2,500 ఓంలు ఉన్నప్పుడు దానికి 450 కలిస్తే పెద్ద తేడా రాదు, శనివారం పొద్దున నేను వదిలేసిన నాలుగు డిగ్రీలు అవే. ఇంజిన్ వేడెక్కి సెన్సర్ 257 ఓంలకు దిగాక అదే 450 దాని కంటే పెద్దదైపోతుంది, 88 డిగ్రీలు 55గా కనబడతాయి. వరుసలో చేరిన అడ్డు వేడితో పాటు పెరిగే తప్పును ఇస్తుంది. అందుకే అది చెడిన థర్మోస్టాట్ వేషం వేస్తుంది. చల్లటి ఇంజిన్‌తో చేసే పోలిక పరీక్ష దాన్ని దాదాపు పాస్ చేసేస్తుంది.

దీనికి తలకిందులుగా ఉండే తప్పు కూడా ఉంది. కనెక్టర్‌లో తేమ చేరి రెండు పిన్నుల మధ్య కరెంటు కారితే, ఆ అడ్డదారి చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ మోసం చేస్తుంది. 5 కిలో ఓంల కారుడు ఉందనుకుంటే 20 డిగ్రీలు 30కి పైగా కనబడతాయి, 80 మాత్రం 82 లాగే ఉంటుంది. ఈసీయూ చలిలో పెట్రోలు తగ్గించి ఇస్తుంది, పొద్దున్నే ఇంజిన్ అందుకోదు, వేడెక్కాక ఏ ఇబ్బందీ ఉండదు. సెన్సర్ పూసే పాడైతే వంటింటి పరీక్షలోనే గీత పక్కకు జరిగి కనబడుతుంది. అంకె ఉన్నట్టుండి ఎగిరి పడుతుంటే సెన్సర్ కొన దగ్గర గాలి బుడగ చేరిందేమో చూడాలి. ఒక్క ఉష్ణోగ్రత దగ్గర ఒక్క అంకె చూసి తీర్పు చెప్పేకంటే, చల్లగా ఒకటి, గోరువెచ్చగా ఒకటి, వేడిగా ఒకటి చూసి తప్పు ఏ వైపు పెరుగుతోందో గమనిస్తే సగం పని అయిపోతుంది.

ఆదివారం

450 ఓంలు రెండు తీగల్లో దేనిలో ఉన్నాయి? ఈసీయూ కనెక్టర్ దాకా వెళ్లాలంటే చాలా ఊడదీయాలి. అక్కడే తిరుగు తీగ సంగతి పనికొచ్చింది. చాలా కార్లలో సెన్సర్ల తిరుగు తీగలన్నీ వైరింగ్ కట్టలో ఒకచోట కలిసి ఈసీయూకు వెళతాయి. మా కారులో థ్రాటిల్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే తలుపు) దగ్గరి సెన్సర్ కూడా ఆ కుటుంబంలోదే. కాబట్టి ఆ రెండు కనెక్టర్ల తిరుగు కొసల మధ్య నిరోధం ఒక ఓం కూడా ఉండకూడదు.

బ్యాటరీ నెగటివ్ తీగ తీసేశాను. కరెంటు ఉన్న తీగల్లో ఓంలు కొలిస్తే వచ్చేవి అబద్ధపు అంకెలు. కనెక్టర్ల వెనక నుంచి, రబ్బరు సీలు పక్కగా సన్నని గుండుసూదులు దూర్చి మీటరు తగిలించాను. తీగ తొడుగుకు మాత్రం సూది గుచ్చకూడదు. ఆ చిల్లులోంచి నీరు చేరి, ఇప్పుడు నేను వెతుకుతున్న రోగాన్నే రేపటికి తెస్తుంది.

448 ఓంలు.

మీటరు చూస్తూ కూలెంట్ సెన్సర్ తీగను మెల్లగా వంచాను. 448 కాస్తా 390 అయింది, ఇంకొంచెం వంచితే 1,200 దాటింది, వదిలేస్తే మళ్లీ 450 దగ్గరకు వచ్చింది. వంచిన చోటు కనెక్టర్‌కు రెండు వేళ్ల దూరం కూడా లేదు.

తొడుగును బ్లేడుతో నిలువునా చీల్చాను. పైకి కొత్తదానిలా నున్నగా ఉన్న ప్లాస్టిక్ లోపల రాగి నల్లబడి, కొస దగ్గర పచ్చటి పొడి కట్టి ఉంది. గోటితో తాకితే పోగులు పొడిపొడిగా రాలాయి. ఎర్రగా మెరిసే పోగులు రెండో మూడో మిగిలాయి. అవి కూడా కొసను నొక్కిపెట్టిన రేకుకు సరిగా తగలడం లేదు.

కారణం పైనే ఉంది. దసరాకు ముందు ఒక గ్యారేజీలో పై గొట్టం మార్పించాను. అప్పుడు ఒలికిన కూలెంట్ కనెక్టర్‌లోకి దిగింది, ఎవరూ తుడవలేదు. తీగను ఇంజిన్‌కు పట్టి ఉంచే క్లిప్పు కూడా తిరిగి పెట్టలేదు. కూలెంట్ తీగ పోగుల మధ్య వత్తిలోకి నూనె ఎక్కినట్టు ఎక్కింది. పైగా కనెక్టర్ వేలాడుతూ ప్రతి కుదుపుకూ తీగ కొస వంగుతూ వచ్చింది. గొట్టం మార్చిన పని మాత్రం చక్కగానే చేశారు, ఒక్క చుక్క కారడం లేదు. బట్టతో రెండు నిమిషాలు తుడిచి ఉంటే ఈ మూడు నెలల పెట్రోలు మిగిలేది.

అదే రోజు, సాయంత్రం

తీగలతో సహా అమ్మే కొత్త కనెక్టర్ ఒకటి విడిభాగాల దుకాణంలో దొరికింది. పాత తీగను రాగి ఎర్రగా కనబడేదాకా వెనక్కి కోసుకుంటూ వెళ్లాను. నాలుగు అంగుళాలు పోయింది. రెండో తీగ బాగానే కనిపించినా దాన్నీ కోశాను, అదే తడిలో నానింది కదా. రెండు అతుకులూ పక్కపక్కన రాకుండా ఒకటి ముందు, ఒకటి వెనక వేశాను. అతుకుపెట్టి నొక్కి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, వేడిగాలితో జిగురు రెండు కొసల్లోనూ ఊరి బయటకు వచ్చేదాకా బిగించాను. క్లిప్పు కొత్తది వేశాను. ఇక తీగ వంగాలన్నా వంగదు.

మళ్లీ సూదులు, మీటరు. 0.3 ఓంలు. మీటరు తీగలదే అందులో సగం.

రెసిస్టర్లు తిరిగి పెట్టి చూశాను. 330కి 79. 1 కిలోకు 45. 2.2 కిలోకు 23. తీగ ముక్కతో కలిపితే అంకె పైకొసకు ఎగిరి పి 0117 వచ్చింది, అది వచ్చినందుకు ఎంత సంతోషమేసిందో. 2.2 కిలో పెట్టినప్పుడు దాని మీద వోల్టులు కూడా కొలిచాను. 2.49. మొన్న కొలిచిన 4.98లో సరిగ్గా సగం, అంటే ఈసీయూ లోపలి రెసిస్టర్ కూడా 2.2 కిలో ఓంలే. కోడ్‌లన్నీ చెరిపేశాను.

పోయిన కూలెంట్ బదులు సగం కూలెంట్, సగం శుద్ధి చేసిన నీరు కలిపి పోశాను. రేడియేటర్ మూత తీసి, హీటరు పూర్తిగా తిప్పి, ఇంజిన్ నడుపుతూ బుడగలు ఆగేదాకా నిలబడ్డాను. ఈ పని తొందరగా ముగిస్తే సెన్సర్ దగ్గర గాలి మిగిలి, బాగుచేసిన దాన్నే మళ్లీ అనుమానించాల్సి వస్తుంది.

మూత పెట్టి, ఏసీ ఆపి, మొదటి రోజులాగే టేపు మీద థర్మామీటరు, చేతిలో ఫోను పట్టుకుని కూర్చున్నాం, నేనూ పాపా. టేపు 60 అన్నప్పుడు ఫోను 61. నీలం దీపం ఆరిపోయింది. టేపు 85, ఫోను 87. ఇంజిన్ వేగం 750కి దిగింది. 92. 94. పాప ఊపిరి బిగబట్టింది. 96 దగ్గర రిలే టక్కుమంది, ఫ్యాను అందుకుంది. 91కి దిగగానే ఆగింది. మళ్లీ 96, మళ్లీ ఫ్యాను. నాలుగు సార్లు చూశాం.

రెండు వారాల తర్వాత

రెండు సార్లు ట్యాంకు నిండా పోయించి లెక్క కట్టాను: మొదటిసారి లీటరుకు 15.4, రెండోసారి 15.8 కిలోమీటర్లు. స్పార్క్ ప్లగ్గులు తీసి చూస్తే అంచుల్లో మసి ఇంకా ఉంది, కొస మాత్రం గోధుమరంగుకు తిరిగింది. పొద్దున్నే తాళం తిప్పి చూసే పోలిక ఇప్పుడు రోజూ అలవాటైంది. ఈ రోజు గాలి 19, కూలెంట్ 19.

మెకానిక్‌కు వెళ్లి చెప్పాను. కోసేసిన తీగ ముక్క చేతిలో పెట్టి, మూడు రెసిస్టర్లూ చూపించాను. ఆయన తీగను వంచి, విరిచి, పచ్చటి పొడిని వేలి మీదకు తీసుకుని చాలాసేపు చూశారు. "సార్, పోయిన నెల ఒక బండికి రెండు సార్లు థర్మోస్టాట్ మార్చాను, నీలం దీపం ఆరనే లేదు. ఆ బండి రేపు వస్తోంది. ఇవి ఒక్కరోజు ఉంచుకోనా?" అని అడిగారు. రెసిస్టర్లు, ఏ ఓంలకు ఎన్ని డిగ్రీలో పాప రాసిచ్చిన చీటీ అక్కడే ఇచ్చి వచ్చాను.